గండశిల నమ్ముకున్న మంచు

లోకానికి ఉత్తరపు కొసన, చెట్టూ చేమా మొలవని చోట, వెండికోన అనే సముద్రం ఉండేది. అక్కడ తెల్ల ఎలుగుబంట్లు, సీళ్ళు, మంచునక్కలు బతికేవి. చలికాలంలో సముద్రమంతా గడ్డకట్టేది. ఎలుగులు ఆ మంచు మీద తిరుగుతూ, ఊపిరి పీల్చుకోవడానికి పైకి వచ్చే సీళ్ళను వేటాడేవి. మంచు కరిగాక ఒడ్డుకు చేరి, ఒంట్లో పట్టిన కొవ్వుతోనే ఎండాకాలం గడిపేవి.

ధవళ అనే తల్లి ఎలుగుకు బుల్లి అని ఒక్కగానొక్క పిల్ల. ఆ కోనలో అందరికంటే పెద్ద ఎలుగు గండశిల. అది నడుస్తుంటే మిగతావి పక్కకు తప్పుకొనేవి.

ఒక వసంతంలో ఓ వలసపిట్ట దక్షిణం నుంచి ఎగురుతూ వచ్చి ధవళ ముందు వాలింది.

"ధవళక్కా, ఈసారి మంచు అంచు అప్పుడే పగులుతోంది. త్వరగా ఒడ్డుకు వెళ్ళిపో."

"ఇంత తొందరగానా? బుల్లికి ఇంకా కడుపు నిండనే లేదు!"

"నేను దాటి వచ్చిన దేశాలలో మనుషుల పొగగొట్టాలు ఆగడం లేదు. ఆ వేడి ఇక్కడిదాకా వస్తోంది" అంది పిట్ట.

ధవళ మంచుకు చెవి ఆనించి వింది. మంచు కింద నీళ్ళు గలగలమంటున్నాయి. వెంటనే గండశిల దగ్గరికి వెళ్ళింది.

"అన్నా, మేం ఒడ్డుకు బయలుదేరుతున్నాం. నువ్వూ వచ్చెయ్."

గండశిల పెద్దగా నవ్వింది. "పిట్ట కూతకు పారిపోతావా? మా తాత, మా నాన్న ఇక్కడే వేటాడారు. ఈ మంచుకు నేనంటే భయం!"

ధవళ బుల్లిని తీసుకుని బయలుదేరింది. దారిలో చాలాచోట్ల మంచు విడిపోయి నీళ్ళు అడ్డం వచ్చాయి. బుల్లిని వీపు మీద ఎక్కించుకుని ఈదింది.

"అమ్మా, చలేస్తోంది" అని ఏడ్చింది బుల్లి.

"నా మెడ గట్టిగా పట్టుకో తల్లీ. అదిగో, ఒడ్డు కనిపిస్తోంది."

ఒడ్డుకు చేరేసరికి ధవళ అలసి కూలబడింది. అదృష్టం కొద్దీ, అలలు తెచ్చి పడేసిన తిమింగలం కళేబరం ఒకటి వాళ్ళ వెంటే ఎగురుతూ వచ్చిన పిట్ట కంటపడింది. అది దారి చూపిస్తే తల్లీబిడ్డలు వెళ్ళి ఆబగా తిన్నాయి.

అక్కడ మంచు మీద గండశిల మరో సీలు కోసం కాచుకుని ఉండగానే మంచు ఫెళ్ళుమని విరిగింది. అది నిలబడ్డ ముక్క నడిసంద్రంలోకి కొట్టుకుపోయి, కరిగి చిన్నదైపోయింది. గండశిల నీళ్ళలోకి దూకింది. పగలూ రాత్రీ ఈదింది. చివరికి ఒక అల దాన్ని ధవళ ఉన్న ఒడ్డునే విసిరేసింది. ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ మిగల్లేదు.

దాన్ని చూడగానే ధవళ బుల్లిని దగ్గరికి లాక్కుంది. ఆకలిగొన్న మగ ఎలుగులు పిల్లలను కూడా వదలవు. బుల్లిని బండరాయి వెనక దాచి, తాను అడ్డంగా నిలబడింది.

"భయపడకు చెల్లీ. లేచి నిలబడే ఓపిక కూడా లేదు నాకు" అంది గండశిల. దాని గొంతు పీలగా వినిపించింది.

ధవళ తిమింగలం మాంసం పెద్ద ముక్క ఒకటి ఈడ్చుకొచ్చి, దానికి అందేంత దూరంలో వదిలి వెనక్కి జరిగింది.

గండశిల తింటూ కళ్ళు దించుకుంది. "ఆ రోజు నీ మాట వినలేదు. నవ్వాను కూడా."

"ముందు తిను అన్నా" అంది ధవళ.

గండశిల బతికింది కానీ పాత బలం మళ్ళీ రాలేదు. ఆ ఏడు చలి కూడా ఆలస్యంగా వచ్చింది. ఎలుగులన్నీ ఒడ్డున ఆకలితో ఎదురుచూశాయి. చివరికి ఒక ఉదయం సముద్రం మీద తెల్లటి పొర కట్టింది. కుర్ర ఎలుగులు ఎగిరి దాని మీదికి దూకబోయాయి.

గండశిల వాటిని ఆపింది. ధవళ వైపు తిరిగి, అందరి ముందూ తల వంచి అడిగింది.

"నువ్వు చెప్పు చెల్లీ, ఇప్పుడు నడవచ్చా?"

నీతి: కాలం మారుతోందని గమనించి నడుచుకునేవారే తమ వాళ్ళను కాపాడుకుంటారు, బలముందన్న గర్వంతో హెచ్చరికను నవ్వులాటగా తీసుకుంటే తిప్పలు తప్పవు.