ఉప్పుమళ్ళ దాలమ్మ, ఎగిరే పెట్టె

అనగా అనగా, పెట్టెలు గాల్లో ఎగురుతాయంటే జనం ఇంకా నవ్వే రోజుల్లో, సముద్రం ఒడ్డున ఒక ఉప్పుమళ్ళ ఊరు ఉండేదట. ఆ ఊళ్ళో దాలమ్మ అని ఒక మనిషి. తట్టతో ఉప్పు మోసేది. ఉందంటే ఉంది, అంతే. ఎవరేం అడిగినా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపేది.

ఇంట్లో మరీను. వాళ్ళాయన అన్న పోలయ్య ఆమెకి బావగారు. ఆ ఊళ్ళో తమ్ముడి పెళ్ళాం బావగారి ఎదట పడకూడదు. ఆయన వీధిలోంచి వస్తే ఈమె పెరట్లోకి పోవాలి. మాట కలపకూడదు. చెయ్యి తగిలితే తలస్నానం చెయ్యాలి. దాలమ్మ కాపురానికొచ్చి ఇరవై ఏళ్ళయినా బావగారు ఆమె మొహం చూసి ఎరగడు.

ఒక ఏడాది, ఎండాకాలానికి ముందు, పట్నం నుంచి ఒక నర్సమ్మ వచ్చింది. పాకలో అందర్నీ కూచోబెట్టి ఎగిరే పెట్టెని చూపించింది.

"గుండె ఆగితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఈ ఇసక దారిలో అంబులెన్సు రావడం ఆలస్యం. ఈ పెట్టె గాల్లో ముందొచ్చేస్తుంది. కరెంటు దెబ్బ కొట్టి గుండెని లేపుతుంది. అది వచ్చాక ఏం చెయ్యాలో అదే చెబుతుంది. మీరు మాత్రం మూడు మాటలు మరిచిపోకండి. పిలు, నొక్కు, తుడువు. ఫోను చేసి పెట్టెని పిలవండి. అది వచ్చేదాకా రొమ్ము మధ్యన నొక్కుతూనే ఉండండి. ఒళ్ళు పొడిగా తుడవండి, తడి ఒంటికి కరెంటిచ్చే దీని బిళ్ళలు అంటుకోవు."

పోలయ్య పెళ్ళాం ఎర్నమ్మ లేచింది. "నర్సమ్మా, మా ఆయన గుండెకేం, గుండ్రాయిలాగుంది. బుర్రే ఎప్పుడో ఆగిపోయింది. దానికేమన్నా పెట్టుందా?"

పాకంతా నవ్వింది. దాలమ్మ మాత్రం వెనక నిలబడి వింది. తట్ట మోస్తూ నడిచినంతసేపూ లోపల్లోపల అనుకునేది. పిలు, నొక్కు, తుడువు. పిలు, నొక్కు, తుడువు.

మొదట కన్నయ్య తాత పడిపోయాడు. ఉప్పు కుప్ప పక్కనే కూలబడ్డాడు. జనం పెట్టెని పిలిచారు. పిలిచి, అందరూ ఆకాశం కేసి చూస్తూ నిలబడ్డారు.

"వస్తోంది కదా, అదే చూసుకుంటది. మనకెందుకు కెలకడం?" అన్నారు.

నొక్కండి అనాలని దాలమ్మకి గొంతు దాకా వచ్చింది. బయటికి రాలేదు. పెట్టె వచ్చింది, చూసింది, ఇక దెబ్బ వేసి లాభం లేదంది. తాత పోయాడు.

రెండోసారి ముత్యాలు. దాలమ్మతో పాటే తట్ట మోసే మనిషి. మిట్టమధ్యాహ్నం పడిపోయింది. ఈసారి పిలిచారు, నొక్కారు కూడా. కానీ ఉప్పుమళ్ళలో ఎవరు పడినా వడదెబ్బే అనుకోవడం, బిందెడు నీళ్ళు గుమ్మరించడం తాతలనాటి అలవాటు. ఎవరో గుమ్మరించారు. పెట్టె దిగి "ఒళ్ళు తుడవండి, ఒళ్ళు తుడవండి" అని ఒకటే మొత్తుకుంది. అందరి గుడ్డలూ ఉప్పునీళ్ళతో తడిసే ఉన్నాయి. దాలమ్మ తలమీద, తట్ట కింద పెట్టుకునే చుట్టగుడ్డ పొడిగా ఉంది. తీసి చెయ్యెత్తింది. చుట్టూ మగవాళ్ళు. ఎత్తిన చెయ్యి దించేసుకుంది. బిళ్ళలు జారిపోయాయి. ముత్యాలు పోయింది.

ఆ రోజు నుంచి దాలమ్మకి ముద్ద దిగలేదు. రెండు ప్రాణాలు నా గొంతులోనే ఉండిపోయాయి అనుకునేది. పనిలోకి వెళ్తే ఉప్పు కేసి చూసేది కాదు. ప్రతి మనిషి రొమ్మూ చూసేది. ఎగురుతోందా, లేదా? ఎవరన్నా కాస్త వంగితే చాలు, తట్ట దించి అటే చూసేది. మూడోవాళ్ళెవరో? ఎప్పుడో?

కొత్త మడి తొక్కే రోజు వచ్చింది. ఆడవాళ్ళు వరసగా చేతులు పట్టుకుని, దబదబా అడుగు కలిపి మడి గట్టిపడేదాకా తొక్కాలి. మగవాళ్ళంతా లారీల దగ్గరికి పోయారు. నీళ్ళు వదలడానికి పోలయ్య ఒక్కడే ఉన్నాడు. గట్టు తెంపడానికి వంగినవాడు వంగినట్టే మడిలో బోర్లా పడ్డాడు.

"ఓలమ్మో, నా పెనిమిటి!" అని ఎర్నమ్మ బిందె కోసం పరిగెత్తింది.

"నీళ్ళొద్దప్పా!"

అందరూ వెనక్కి తిరిగారు. అరిచింది దాలమ్మ.

"పెట్టెని పిలవండి! బావగార్ని గట్టుమీదికి లాగండి!"

లాగి వెల్లకిలా తిప్పారు. దాలమ్మ మోకాళ్ళమీద కూచుంది. రెండు చేతులూ చాచింది. ఎర్నమ్మ వచ్చి ఆమె జుట్టు పట్టుకుంది.

"ఏటే నీ తెగింపు! ఆయన నీకు బావే! ఎవతివే నువ్వు ఆయన రొమ్ము మీద చెయ్యెయ్యడానికి?"

దాలమ్మ తలెత్తలేదు. "ఇప్పుడు నేను మరదల్ని కాదప్పా. దాలమ్మని" అని నొక్కడం మొదలెట్టింది.

ఆ మాటకి ఎర్నమ్మ చెయ్యి సడలింది.

"తొక్కండర్రా! మడి తొక్కినట్టే తొక్కండి! మీ అడుగు వింటూ నొక్కుతాను!"

ఆడవాళ్ళు గట్టుమీదే వరస కట్టారు. దబదబా తొక్కారు. అడుక్కొక నొక్కు, అడుక్కొక నొక్కు.

"పెట్టె కనబడుతోందా?"

"లేదు వదినా."

చేతులు లాగేస్తున్నాయి. చెమట కళ్ళలోకి కారుతోంది.

"కనబడుతోందా?"

"లేదే తల్లీ."

పోలయ్య పెదాలు నీలంగా ఉన్నాయి. దాలమ్మకి కన్నయ్య తాత కనబడ్డాడు. ముత్యాలు కనబడింది.

"ఇప్పుడో?"

"అదుగో! అదుగో చుక్కలాగ!"

పెట్టె గట్టుమీద దిగింది. తుడవమంది. దాలమ్మ చుట్టగుడ్డ లాగి బావగారి రొమ్మంతా తుడిచింది. చూపించిన చోట్ల బిళ్ళలు అంటించింది. ఎవరూ ముట్టుకోవద్దంది పెట్టె. ఎర్నమ్మ మొగుడి పాదం వదల్లేదు.

"కాలొదులప్పా! ఒదులు!"

వదిలింది. పోలయ్య ఒళ్ళు ఒక్కసారి ఎగిరిపడింది. మళ్ళీ నొక్కమంది పెట్టె. మళ్ళీ అడుగులు, మళ్ళీ నొక్కులు. ఎంతసేపో తెలీదు. ఆఖరికి ఒక మూలుగు వినబడింది. పోలయ్య కళ్ళు తెరిచి చూస్తే ఎదురుగా తమ్ముడి పెళ్ళాం మొహం. దాలమ్మ చటుక్కున కొంగు లాక్కుని ఆడవాళ్ళ వెనక్కి పోయి నిలబడింది.

అంబులెన్సు వచ్చి ఆయన్ని తీసుకుపోయింది. ఆయన బతికాడు. బావగార్ని ముట్టుకుంది, తలస్నానం చెయ్యాలి అన్నారు ఊళ్ళో ముసలమ్మలు. ఎర్నమ్మే వేణ్ణీళ్ళు కాచి, నొప్పెట్టిన ఆ చేతులమీద చెంబులతో పోసింది.

తర్వాత కూడా దాలమ్మ మునుపటిలాగే ఉంది. ఎవరన్నా పడితే తప్ప ఆమె గొంతు వినబడేది కాదు. ముసలిదై, ఒక వానాకాలంలో కన్నుమూసింది. ఊరికి దిగులు పట్టుకుంది. ఇక ఎవరన్నా పడితే ఎలాగ?

ఏడాది తిరక్కుండానే పక్క వీధిలో ఒకాయన వాకిట్లో పడిపోయాడు. కాపురానికొచ్చి నెల కాని ఆ ఇంటి కోడలు ఆయన రొమ్ము మీద చేతులు వేసింది. "ఎవతివే నువ్వు?" అని అత్త రెక్క పట్టుకుని లాగింది.

ఆ పిల్ల అరిచింది. "దాలమ్మని!"

అత్త చెయ్యి వదిలేసింది.

ఇప్పుడు పెట్టెలు ఇంకా తొందరగా వస్తున్నాయి. అయినా ఆ తీరంలో ఎవరన్నా కూలిపోతే, ముందు చేరినవాళ్ళు మోకాళ్ళమీద పడి "దాలమ్మని!" అంటారు. మీసాలున్నవాడైనా సరే, అలాగే అంటాడు. ఆ మాట అన్నాక నువ్వేం వరస అని ఎవరూ అడగరు. చుట్టూ చేరినవాళ్ళు ఊరికే నిలబడరు. ఆకాశంలో పెట్టె కనబడేదాకా నేలమీద అడుగులు వేస్తూనే ఉంటారు.