ఈరక్క ఊదారాయి

అనగనగా, కొండలకింకా ఎవరూ పేర్లు పెట్టని కాలంలో, తాటివనం అంచున ఈరక్క అని ఒకామె ఉండేది. వనంలో గీసిన కల్లంతా ఆమె ముందుకే వచ్చేది. వచ్చినవాళ్లకు రేకలో కల్లు వంచేది, పెనం మీద శనగలు వేయించి పెట్టేది. రేక అంటే ఏం లేదు, తాటాకును దోనెలా మడిచి దోసిట్లో పట్టుకుంటే అదే గిన్నె.

ఈరక్క మొగుడు తాగి చెట్టెక్కి, పడి చనిపోయాడు. మిగిలింది ఒక్క కొడుకు, జంగయ్య. మంచివాడు, పనిమంతుడు, నవ్వుతూ తిరిగేవాడు. కాకపోతే తండ్రిలాగే వాడూ తాగి చెట్టెక్కేవాడు. పొద్దుగూకే వేళ వాడు నడుముకు మోకు కట్టుకుంటుంటే ఈరక్క గుండె పీచుపీచుమనేది.

ఏడ్చి చెప్పింది. వినలేదు. తిట్టి చెప్పింది. వినలేదు. కల్లుకుండ దాచిపెట్టి చెప్పింది. కల్లు గీసేవాడికి కల్లు దాచి ఏం లాభం? చెట్టుమీదే తాగి దిగాడు.

ఒకరోజు వాగులో కుండలు కడుగుతుంటే ఇసుకలో ఒక రాయి తళుక్కుమంది. బాగా మగ్గిన నేరేడు పండు రంగు. ఎండకెత్తి పట్టుకుంటే లోపలంతా ఊదా వెలుగు. పూసలమ్ముకునే ముసలామె ఆ దారినే పోతూ చూసి ఆగింది.

"నీ అదృష్టం బిడ్డా. గిది మత్తును మింగే రాయి. తాగీ తాగీ గా రంగొచ్చింది దానికి. రాజులైతే గిన్నెల ఏసుకొని తాగుతరట."

ఈరక్కకు ప్రాణం లేచొచ్చింది. ఆ సాయంత్రమే కొడుక్కి సంగతి చెప్పి, రాయిని వాడి రేకలో వేసి, పైన కల్లు పోసింది.

జంగయ్య ఏం చేశాడు? మత్తు మింగే రాయి ఉందిగదా అని, రెండు రేకలు తాగేవాడు ఆరు తాగాడు. తాగి ఆలోచించాడు. తాగినవాడి ఆలోచన ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

"రేకల ఉంటెనే గింత మింగితే, కడుపుల ఉంటే ఎంత మింగాలె?"

అంటూ రాయిని గుటుక్కున మింగేశాడు. మోకు బిగించి చెట్టెక్కాడు. "దిగు కొడుకా, దిగు" అని ఈరక్క కింద మొత్తుకుంటూనే ఉంది. మూడు బారలు ఎక్కాడో లేదో, కాలు జారి దబ్బున పడ్డాడు. కింద బర్రెలు పొర్లే బురదగుంట ఉండబట్టి బతికాడు. బురదలోంచి తల మాత్రం పైకెత్తి, "రాయి మంచిది కాదమ్మా" అన్నాడు. ఈరక్కకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ఏడుస్తూ నవ్వుతూ వాడి వీపు మీద నాలుగు వేసింది.

రాయి మర్నాడు తిరిగొచ్చింది. ఎలా వచ్చిందని పిల్లలు అడుగుతారు. ఎలా రావాలో అలాగే వచ్చింది. ఈరక్క దాన్ని మూడుసార్లు ఇసుకతో, మూడుసార్లు ఉప్పుతో, మూడుసార్లు చింతపండుతో తోమింది. తోముతున్నంతసేపూ ఆలోచించింది. అప్పుడు కొత్త కట్టుబాటు పెట్టింది.

"పూసలామె సగమే చెప్పింది. గీ రాయి కడుపుల మింగదు, పిడికిట్ల మింగుతది. చల్లగుంటే ఇంకా మింగుతున్నట్టు. వెచ్చబడితే అయిపోయినట్టు. వెచ్చబడేదాక రెండో రేక లేదు, మోకు లేదు, లేచుడు లేదు."

రాయిని నీళ్లకుండ అడుగున ఉంచేది. మొదటి రేక తాగగానే తీసి జంగయ్య పిడికిట్లో పెట్టేది. వాడు కాసేపు కూర్చుని, "అమ్మా, వెచ్చబడ్డది" అనేవాడు. ఈరక్క పెనం దగ్గర్నుంచి చెయ్యి చాపి ముట్టుకునేది.

"ఇంకా చల్లగనే ఉంది కొడుకా."

వాడు శనగలు తిని, కబుర్లు చెప్పి, మళ్లీ చూపించేవాడు.

"ఇంకా చల్లగనే ఉంది కొడుకా."

మూడోసారీ అదే మాట. చివరికి వాడి కళ్లలోకి చూసి, మత్తు దిగిందనుకుంటే "సరే, పో" అనేది. వెచ్చబడిందని మాత్రం ఏనాడూ అనలేదు. ఎలా అంటుంది? పెనం ముందు కూర్చునే మనిషి అరచెయ్యి ఎప్పుడూ కాలుతూనే ఉంటుంది. ఆ చేతికి ఏ రాయైనా చల్లగానే తగులుతుంది. ఈ సంగతి జంగయ్య ఎప్పుడు కనిపెట్టాడోగానీ, పైకి మాత్రం అనలేదు. కొట్లాటకు లేచినవాళ్ల పిడికిట్లో కూడా ఈరక్క ఆ రాయే పెట్టేది. లేచినవాడు గొణుక్కుంటూ కూర్చునేవాడు.

జంగయ్య మళ్లీ పడలేదు. జుట్టు నెరిసేదాకా చెట్లెక్కాడు. ఈరక్క ముసలిదై మంచం పట్టింది. ఒక పొద్దున ఆమె ఊపిరి బరువెక్కేసరికి జంగయ్యకు భయం వేసింది. రాయిని కాసేపు తన పిడికిట్లో బిగించి, ఆమె చేతిలో పెట్టాడు.

"వెచ్చబడేదాక లేవొద్దని నువ్వే అంటివి గదమ్మా. గిది ఇంకా చల్లగనే ఉంది. నువ్వు పోవద్దు."

ఈరక్క మెల్లగా వేళ్లు ముడిచింది. పెనం వదిలి చాలా కాలమైంది, ఆ చేతులు చల్లబడి ఉన్నాయి. ఆమె నవ్వింది.

"లేదు కొడుకా. వెచ్చబడ్డది."

ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు, అదే ఆఖరు. జంగయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ పిడికిట్లోంచి రాయి తీయడానికి ఎవరికీ మనసొప్పలేదు. అది ఆమెతోనే పోయింది.

ఇప్పటికీ ఆ తాటివనాల్లో మొదటి రేక తాగినవాడు నీళ్లకుండలోంచి ఒక గులకరాయి తీసి పిడికిట్లో పట్టుకుంటాడు. ఏ రాయైనా సరే. కాసేపటికి చెయ్యి చాపి, "ఈరక్కా, వెచ్చబడ్డదా?" అని అడుగుతాడు. పెనం దగ్గర ఎవరుంటే వాళ్లు ముట్టుకుని బదులు చెబుతారు. ఏమంటారో ఈపాటికి మీకూ తెలుసు. అడిగినవాడు నవ్వి, ఇంకో గుప్పెడు శనగలు తీసుకుని మళ్లీ చతికిలబడతాడు.