గానుగ కంపెనీ అల్లుడు

అడవి అంచున చెంగల్రావు అనే నక్క గానుగ కంపెనీ నడిపేవాడు. గానుగ తిప్పేది బోడెన్న అనే ఎద్దు. నూనె డబ్బాలు మోసేది గంగులు అనే గాడిద. వాళ్ళకు ఆదివారం సెలవు, రోజూ మధ్యాహ్నం తెలగపిండి. నూనె తీశాక మిగిలే నువ్వుల పిండి అది. మునగాకు వేసి వండితే మనుషులు కూడా విస్తరి వదలరు. ఆ వంట సంగతి మొదలుపెడితే మన కథ పొయ్యి దగ్గరే ఆగిపోతుంది. బోడెన్నకు మాత్రం ఆ సెలవు, ఆ పిండి రెండూ ఉంటేనే బతుకు. వారమంతా గుండ్రంగా తిరిగే కాళ్ళకు ఆదివారమొక్కటే తిన్నగా నడిచే రోజు.

ఒక ఉదయం చెంగల్రావు కండువా సర్దుకుని ఇద్దరినీ పిలిచాడు.

"ఇవాళ్టి నుంచి ఇక్కడ యజమాని లేడు, పనివాడు లేడు. మనదంతా ఒకే కుటుంబం."

"దానివల్ల మాకేం వస్తుందండి?" అన్నాడు గంగులు.

"ప్రేమ వస్తుంది. ఇంట్లోవాళ్ళు ఇంటికి సెలవు పెడతారా? అందుకని ఆదివారం తీసేశాను. సొంతపనికి ఎవరైనా ప్రతిఫలం అడుగుతారా? అందుకని తెలగపిండి తీసేశాను."

"తీసెయ్యడానికి ఇంకేమైనా మిగిలిందాండి?"

"నీ నోరు."

బోడెన్న ఏ మాటనైనా మింగి, మళ్ళీ పైకి తెచ్చుకుని నమిలితే గాని వదలడు. నెమురు ఆపి అడిగాడు.

"మరి నేను తమకేమవుతానండి?"

మాటల దగ్గర చెంగల్రావుది ధారాళమైన చెయ్యి. "నువ్వా? మా ఇంటి అల్లుడివిరా." సంబరంలో ఆ మాట వీధంతా చాటి వచ్చాడు కూడా.

మర్నాడు గానుగ తిరగలేదు. చెంగల్రావు వెతుక్కుంటూ వెళ్తే, బోడెన్న అతని ఇంటి అరుగు మీదే నులకమంచం ఎక్కి ఉన్నాడు. నక్క భార్య సూరమ్మ గిట్టలు కడుగుతోంది.

"ఏమిట్రా ఇది?"

"అల్లుణ్ణి పట్టుకుని 'ఏమిట్రా' అంటారేమిటి మామగారూ?"

"అసలు మనకు కూతురే లేదు కదే," అన్నాడు చెంగల్రావు భార్యతో.

"కూతురు లేకుండా అల్లుణ్ణి తెచ్చింది మీరేగా. అల్లుడిచేత గానుగ తిప్పించారంటే వీధిలో నేను తలెత్తుకోగలనా?" అంది సూరమ్మ, గారెల పిండి రుబ్బడానికి లేస్తూ.

గారెల్లో ఉప్పు తగ్గిందని మధ్యాహ్నం బోడెన్న అలిగి గోడవైపు తిరిగాడు. అల్లుడి అలక మామూలుది కాదు. సూరమ్మ సైకిలు కొనిపెడతానంది. ఎద్దుకు సైకిలెందుకని అడక్కండి, అలిగిన అల్లుడికి ఏం కావాలో ఎవరికి తెలుసు?

అవతల నూనె కొనడానికి వచ్చిన కోతులు ఖాళీ డబ్బాలు వాయిస్తూ ఒకటే గోల. చేసేది లేక చెంగల్రావే కాడి మెడకెత్తుకున్నాడు.

"మీ అల్లుడుగారు రాలేదా బాబాయ్?" అన్నాడు గంగులు, నీడలో కూర్చుని.

"నోర్మూసుకో."

"కుటుంబంలో ఇట్లా మాట్లాడుకుంటారా?"

పొద్దువాలేసరికి నక్కకు నిలబడ్డా లోకం గిర్రున తిరుగుతోంది. అరుగు దాకా పాక్కుంటూ వచ్చాడు.

"బోడెన్నా, నువ్వు నాకేమీ కావు. నా దగ్గర పనిచేసే ఎద్దువి."

"పనిచేసే ఎద్దుకు ఆదివారం ఉంటుందాండి?"

"ఉంటుంది."

"తెలగపిండి?"

"ఉంటుంది నాయనా, మంచం దిగు."

బోడెన్న దిగాడు. వెనకాలే వచ్చిన గంగులు మెడ చాచాడు. "మరి నేనేమవుతానండి?"

"గాడిదవి. ఇంకేమీ కావు."

"అమ్మయ్య," అన్నాడు గంగులు.

పనివాణ్ణి చుట్టమని పిలిచేవాడు, ముందు చుట్టానికి చెయ్యాల్సిన మర్యాదలు చెయ్యగలడో లేదో చూసుకోవాలి.