తిక్క గీత, రెండు తడికలు

అనగనగా కొల్లేటి పక్కన ఒక ఊళ్ళో తిరుపతమ్మ అని ఒక పిల్ల ఉండేదిరా కన్నా. ఇంటర్ చదివేది. లెక్కలంటే దానికి ప్రాణం, కానీ పరీక్షలో తెలిసిన లెక్కే తప్పు చేసేది. అప్పటికే రెండు పరీక్షలు తప్పింది.

అప్పుడు లెక్కల మేడమ్ శేషారత్నంగారు బోర్డు మీద ఒక గీత గీశారు. ఎక్స్ స్క్వేర్‌ని సైన్ ఒకటి బై ఎక్స్‌తో గుణిస్తే వచ్చే గీత. అదొక తిక్క గీత. సున్నా దగ్గరికొచ్చే కొద్దీ కిందికీ మీదికీ ఒకటే గెంతులు. ఎక్స్ సున్నాకి చేరువైతే ఇది ఎక్కడికి చేరుతుందో శనివారానికల్లా చెప్పు, లేకపోతే లెక్కల గ్రూపు వదిలెయ్ అన్నారు.

గురువారం నాడు ఎక్స్ బదులు సున్నా పెట్టేసింది. ఒకటిని సున్నాతో ఎవరైనా భాగిస్తారా? లెక్క అక్కడే కూలబడింది.

ఆ తర్వాత శుక్రవారం గీత వెంటపడి ఒక్కో గెంతూ లెక్కపెట్టింది. కాలేజీ గంట కొట్టారు గానీ గెంతులు అయిపోలేదు. పాపం, ఏడుపొచ్చేసింది.

సాయంత్రం ఇంటికెళ్తే వాళ్ళ నాన్న ఏడుకొండలు నీళ్ళలో వెదురు తడికలు పాతుతున్నాడు. ఇటొకటి, అటొకటి. రెండూ పోయి పోయి చేపలబుట్ట మూతి దగ్గర కలుస్తాయి. మధ్యలో చేప ఎన్ని వంకర్లు పోతుందో చూడవా నాన్నా అని అడిగింది.

“దాని వంకర్లు మనకెందుకే అమ్మా? రెండు తడికలూ కలిసేకాడికి అదే వస్తది.”

పిల్ల గబగబా ఇంట్లోకెళ్ళి, నోటుబుక్కులో ఆ తిక్క గీతకి పైనొక తడిక, కిందొక తడిక గీసింది.

శనివారం బోర్డు దగ్గరికెళ్ళింది. సైన్ ఎంత గెంతినా ఒకటి దాటి పైకి పోదు, మైనస్ ఒకటి దాటి కిందికి దిగదు. అప్పుడు దాన్ని ఎక్స్ స్క్వేర్‌తో గుణించింది. పైన ఎక్స్ స్క్వేర్ ఒక తడిక, కింద మైనస్ ఎక్స్ స్క్వేర్ ఒక తడిక. రెండూ వెళ్ళి సున్నా దగ్గరే కలిశాయి. మధ్యలో ఉన్నది ఇంకెక్కడికి పోతుంది?

“సున్నాకే చేరుతుంది మేడమ్,” అంది, సుద్దముక్క కింద పెట్టి.

మేడమ్ బోర్డుకి ఆ చివర నుంచి ఈ చివర దాకా పెద్ద రైటు కొట్టారు. పిల్లలు బల్లలు చరిచారు. లెక్కల గ్రూపులో ముందు బల్ల తిరుపతమ్మదే అయింది. నా బంగారుతల్లి, గెలిచింది.

గెంతే గీత సున్నాకి,
నడిచే కథ కంచికి,
మనమిద్దరం ఇంటికి,
నిద్దర నీ కంటికి.