తలుపులో ఇరుక్కున్న పాలీఎమీన్

ఒకప్పుడు ఏ ప్రాణి తలలోనూ తలుపులకు కాపలా ఉండేది కాదు. మెదడంటే ఏమిటనుకున్నారు? బోలెడన్ని బుల్లి బుల్లి ఇళ్లు. వాటినే కణాలంటారు. ఒక ఇంటి కబురు పక్కింటికి చేరాలంటే తలుపు తెరుచుకోవాలి, ఉప్పు రేణువులు బిలబిలమంటూ లోపలికి దూకాలి. అప్పట్లో చీమ తుమ్మినా తలుపులన్నీ బార్లా తెరుచుకునేవి.

జొన్నచేని గట్టు మీద ఒక కౌజుపిట్ట గుడ్లు పొదుగుతోంది. పాపం, పొదగనిస్తేగా! ఆకు కదిలితే చాలు, "పారిపో! పారిపో!" అని కబురు తలంతా పాకేది. పిట్ట బుర్రుమని లేచిపోయేది. తిరిగొచ్చేసరికి గుడ్లు చల్లబడేవి. ముందు పెట్టినవన్నీ అలాగే మురిగిపోయాయి. ఇవి కూడా పోతే ఈ ఏడాదికి ఇక పిల్లల్లేనట్టే.

"గాలీ, నీకు దణ్ణం పెడతా, కాసేపు ఊరుకోవే తల్లీ" అని ఏడ్చింది పిట్ట.

"నేను ఊరుకుంటే జొన్నకంకులు ఎండొద్దా? నీ తలలో తలుపులే మూసుకో" అంది గాలి.

ఆ మాట పాలీఎమీన్ విన్నాడు. వాడు బయటినుంచి వచ్చినవాడేం కాదు, పిట్ట తలలోని ఒక కణంలోనే పుట్టిన రేణువు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. "నేను చూసుకుంటా పిట్టమ్మా" అంటూ వెళ్లి, లోపలివైపు నుంచి తలుపు సందులో ఇరుక్కుని కూర్చున్నాడు.

గాలి వీచింది. తలుపు తెరుచుకుంది.

"జరుగు!" అన్నాయి ఉప్పు రేణువులు.

"జరగను" అన్నాడు వాడు.

కబురు అక్కడే ఆగింది. పిట్ట కదల్లేదు, గుడ్లు వెచ్చగా ఉన్నాయి. వాడికి ఎక్కడలేని గర్వం వచ్చేసింది. "లోకం తలకిందులైనా కదలను!" అన్నాడు.

పొద్దు వాలుతుండగా గట్టు కింద గరిక చప్పుడైంది. వాడు అడ్డుకున్నాడు. మళ్లీ చప్పుడు. మళ్లీ అడ్డుకున్నాడు. చప్పుడు ఆగడం లేదు, దగ్గరవుతోంది. అది నక్క! పొట్ట నేలకానించి ఒక్కో అడుగే వేస్తోంది. పిట్టకేమో ఏమీ తెలియదు.

"ఒరేయ్ మొండోడా, ఇది గాలి కాదురా! గాలైతే వచ్చి పోతుంది. ఇది వదలకుండా వస్తోంది!" అని రేణువులు తోశాయి.

"జరిగితే పిట్ట లేచిపోతుంది. గుడ్లు చల్లారిపోతాయి!"

"జరక్కపోతే పిట్టే ఉండదు!"

ఇంకో అడుగు. నక్క ఊపిరి పిట్ట ఈకలకు తగిలింది. వాడు పట్టు వదిలేశాడు.

పిట్ట ఎగిరింది. ఎగిరి, నక్క ముందే పడింది! రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ చేలోకి పరుగెత్తింది. నక్క లొట్టలేసుకుంటూ వెంటపడింది. బాగా దూరం లాక్కుపోయాక పిట్ట రెక్కలు విప్పి హాయిగా ఎగిరిపోయింది.

తిరిగొచ్చి గుడ్లను పొట్టకింద చేర్చుకుంది. ఇంకా వెచ్చగానే ఉన్నాయి. ఒక గుడ్డులోంచి టక్ టక్ మని ముక్కుతో పొడుస్తున్న చప్పుడు.

"తప్పయింది పిట్టమ్మా. ఇకనుంచి ఒక్కసారి తోస్తే జరగను, పదేపదే తోస్తే తప్పుకుంటా" అన్నాడు పాలీఎమీన్. గాలి ఊరుకుంటుందా? ఆ ఒప్పందాన్ని ప్రాణులందరికీ మోసుకుపోయింది.

అప్పటినుంచే మన తలలోనూ పాలీఎమీన్ తలుపులో కూర్చుంటున్నాడు. ఉత్త చప్పుడును ఆపేస్తాడు, వదలకుండా వచ్చే పిలుపుకు దారిస్తాడు. అందుకే ఆటలో ఉన్నప్పుడు అమ్మ ఒక్క పిలుపు మీకు వినపడదు. అందుకే అమ్మ కూడా మీరు వచ్చేదాకా పిలుస్తూనే ఉంటుంది.