పీటెక్కిన పేరు

“వెన్నెల పడవెక్కి వచ్చింది పిట్ట, ముక్కున...” ఆపై మాటలు గవరమ్మకు గుర్తురాలేదు. దిక్కులేని పిల్లలకు పాటల బడైతే పెట్టింది గానీ, నేర్పేవాళ్లేరీ?

ఆ పిట్ట పాట సగమే వచ్చు, బడికొచ్చి నేర్పండని ఆస్థాన గాయకుడు వీరభట్టును బతిమాలితే, “తీరిక లేదు. నా పేరు వాడుకో, అదే పెద్ద సాయం!” అన్నాడు.

సరేనని ఆ పేరు పలక మీద రాసి, గురువుగారి పీట మీద పెట్టింది.

ఒకనాడు మహారాజు బడికొచ్చి, సాయపడిన విద్వాంసుడికి కప్పమని గవరమ్మకు శాలువా ఇచ్చాడు. వెంట వచ్చిన వీరభట్టు మెడ వంచాడు. ఆమె తిన్నగా వెళ్లి పలకకు కప్పింది!

“ఇదేం చోద్యం?” అన్నాడు వీరభట్టు.

“రోజూ పిల్లల దగ్గర కూర్చున్నది మీ పేరే కదా సామీ!”

మహారాజు పకపకా నవ్వాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. వీరభట్టు పలక తీసి ఒళ్లో పెట్టుకుని, పీట మీద చతికిలబడ్డాడు.

“ఆ పిట్ట పాట మా అమ్మా పాడేది. ఎత్తుకో గవరమ్మా, మిగతాది నేను నేర్పుతాను.”