సీసాలో నల్లపురుగు

షరీఫ్ బాబా ఉండే దర్గాలో దస్తగిరి శిష్యుడిగా చేరినప్పుడు వెంట తెచ్చుకున్నది గుప్పెడు చిక్కుడు గింజలే. చనిపోయిన తల్లి కొంగున ముడేసి దాచినవి. ఆ రకం ఇంకెవరి దగ్గరా లేదు. దర్గా వెనక అన్నీ నాటి, పందిరేసి పాకిస్తే, సరిగ్గా పూత వేళకు కాడలనిండా రసం పీల్చే పేనుబంక పట్టింది.

అక్షింతల పురుగులొస్తే ఆ బంకను తినేస్తాయని ఎవరో చెప్పారు. వాటికోసం పందిరి చుట్టూ కొత్తిమీర చల్లి, కొయ్యకుండా పూతకు వదిలాడు. ప్రతి నమాజులోనూ వాటినే అడిగాడు. చివరికి వచ్చాయి, ఎర్రగా, నల్లచుక్కలతో. ఆ రోజు దస్తగిరి కాలు నేల మీద నిలవలేదు.

కొన్నాళ్లకు ఆకుల మీద ఇంకేవో నల్లపురుగులు కనిపించాయి. ఒంటినిండా ముళ్లు. చూస్తేనే ఒళ్లు జలదరించేది. దస్తగిరి పొద్దున్నే కూర్చుని ఒక్కోదాన్నీ నలిపేయసాగాడు.

"వాటినట్లా ఉండనీరా," అన్నారు బాబా.

"తోటపని నాకు చిన్నప్పట్నించీ తెలుసు బాబా. మీరు లోపల కూచోండి."

బాబా ఒక నల్లపురుగును సీసాలో వేసుకుని, మూతికి పలచటి గుడ్డ కట్టారు. ఆనాటి నుంచి రోజూ బంక పట్టిన చిగురొకటి తుంచుకుని వెళ్లేవారు. ముసలాయనకు చాదస్తం ముదిరిందనుకున్నాడు దస్తగిరి.

నల్లపురుగులు పోయాయి. ఎర్రవీ ఒక్కొక్కటే ఎగిరిపోయాయి. పేనుబంక మాత్రం పోలేదు. పూత రాలింది, కాడలు జిగటగా నల్లబడ్డాయి, ఒక్క కాయా నిలవలేదు. మొదలు దగ్గర ఒకే ఒక్క పిలక పచ్చగా మిగిలింది. దానికీ బంకే. తల్లి రెండోసారి పోయినట్టు ఏడ్చాడు దస్తగిరి. ఇక ఆ పందిరి వంక చూడలేక మూట సర్దుకుని బాబా ముందు నిలబడ్డాడు.

"నా దువా ఎందుకూ పనికిరాదు బాబా. పంపిన పురుగుల్ని కూడా అల్లా వెనక్కి పిలుచుకున్నాడు. నేను పోతాను."

బాబా లోపలికెళ్లి సీసా తెచ్చి అతని చేతిలో పెట్టారు. గాజుకు చీలిన తొడుగొకటి అంటుకుని ఉంది. నల్లపురుగు లేదు. తొడుగు పక్కనే ఎర్రటి అక్షింతల పురుగు మెల్లగా పాకుతోంది.

దస్తగిరి దాన్ని చూశాడు. మరకలు కట్టిన తన గోళ్లను చూసుకున్నాడు.

"అవన్నీ... వీటి పిల్లలా బాబా?"

"నువ్వడిగావు, వచ్చాయి. నీకు వాటి ముఖం నచ్చలేదు," అన్నారు బాబా.

దస్తగిరి మూట కింద పెట్టాడు. పందిరి దగ్గరికెళ్లి, గుడ్డ విప్పి, సీసాను ఆ పిలక పక్కన పడుకోబెట్టాడు. తర్వాత రెండు చేతులూ వెనక్కి కట్టుకుని దూరంగా కూర్చున్నాడు.